రెండు కాదుల లెక్క

తొంభైల నడుమ అరకులోయ హైస్కూల్లో నేను ఇంగ్లీషు మాస్టర్ని. "ఐ డోంట్ నో నథింగ్" అని పిల్లలు రాస్తే నాకు ఒళ్లు మండేది. రెండు కాదులు కలిస్తే అవునవుతుంది, ఏమీ తెలియదనబోయి ఏదో తెలుసునన్నారు అని బల్ల గుద్ది చెప్పేవాణ్ణి. ఇంగ్లీషువాళ్లలోనే మామూలు జనం అలా మాట్లాడుకుంటారని, వాళ్లకు రెండు కాదులంటే మరింత గట్టి కాదేనని ఆ తర్వాతెప్పుడో తెలిసింది. మా పిల్లల ఇళ్లలో ఒరియా కలిసిన మాటల్లోనూ అంతే, "నాయ్ నాయ్" అంటే ఒక్క నాయ్ కంటే గట్టిది. మన తెలుగు సంగతే తిరకాసు. "ఇష్టం లేకపోలేదు" అనే మనిషికి ఇష్టం ఉన్నట్టే, కానీ నోరారా అనడు.

ఆ తిరకాసు నాకు మా ఇంట్లోనే ఎదురైంది. హుకుంపేట దగ్గర కొండ ఊరి అమ్మాయిని, అరకు ఆస్పత్రిలో నర్సుగా చేస్తున్న ఆమెను, పెళ్లి చేసుకుంటానని విజయనగరం వైపు పల్లెలో ఉన్న మా అమ్మకు చెప్పాను. అమ్మ చాలాసేపు చిక్కుడుకాయల ఈనెలు తీసి, "నానొద్దనన్లే" అంది. రెండు కాదులూ కలిసి అవునయ్యాయి, అదే దీవెన అనుకుని సంబరంగా అరకు బస్సెక్కాను.

ఆమె ఊళ్లో గుంటను, అంటే పిల్లను, అడగాలంటే జీలుగు చెట్టు కల్లు కుండతో వెళ్లాలి. వెళ్లాను. ఆమె తండ్రి గుమ్మంలో నిలబడి, కుండవైపు చూడనైనా చూడకుండా, "మా గుంట నీకు లేదు బాబూ, తీసుకెళిపో" అన్నాడు. నాకు చర్రున కోపమొచ్చింది. లేదంటే లేదే కదా, ఇందులో ఇంకో కాదు ఎక్కడుంది? కల్లు దారిలో పశువులు కాసేవాళ్లకు పోసేసి వచ్చాను. ఆస్పత్రి వైపు వెళ్లడమే మానేశాను.

చలి తగ్గాక ఒక శుక్రవారం సంతలో ఆమే నన్ను పట్టుకుంది. అల్లం కుప్పల మధ్య, అందరూ వింటుండగానే దులిపేసింది.

"ఏటి మాస్టారూ, ఒక్కసారి లేదంటే ఎళిపోతారేటి? మా కాడ అడిగిన తొలిసారే పిల్లనిత్తే, బరువైపోనాదని ఒదిలించుకున్నారంతారు. అయ్య లేదనాల, మీరు మళ్లీ రావాల. గుంటకదే మర్యాద."

"ముందే చెప్పొచ్చు కదా!"

"నాను సెప్పి రప్పిత్తే అది మీరు రావడమేటి?" అంది. అప్పటిదాకా అరిచిన మనిషి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇంక రారనుకున్నాను" అంది.

మర్నాడే కొత్త కుండతో వెళ్లాను. "లేదు" అన్నాడు తండ్రి. కొన్నాళ్లాగి మళ్లీ వెళ్లాను. "లేదన్నాను గదేటి" అన్నాడు గానీ గొంతులో బిగువు లేదు. నవ్వు ఆపుకుంటూ దండం పెట్టి వచ్చేశాను. కాదనిపించుకుని అంత హాయిగా కొండ దిగిన పెళ్లికొడుకు ఇంకొకడు ఉండడు.

ఆ తర్వాత వెళ్లేసరికి అరుగు మీద చాప పరిచి ఉంది. ఆయన కుండ అందుకుని, ఆకు దొప్పలో కల్లు పోసి నా చేతికిచ్చాడు.

"నువ్వు రాని రోజుల్లో ఊరోళ్లడిగితే, రాక మానడు అన్నాను బాబూ."

'వస్తాడు' కంటే గట్టి మాట అది. నేను పొంగిపోయాను. ఆయన మాత్రం నేలచూపులు చూస్తూ, "అన్నాను గానీ నాకు నిద్దరట్టేది కాదు. నా నోటితోనే గుంట బతుకు పాడుసేసినానేమో అనుకున్నాను" అన్నాడు.

దొప్ప తిరిగి ఆయన చేతిలోనే పెట్టి, "ముందు మీరు తాగండి, మావయ్యా" అన్నాను.