సాగదీయని తీగలు

మా నాయన నగరిలో మగ్గం నేసేవాడు. తెగిన నూలును పారేయడం మా ఇంట్లో ఎవరికీ తెలియదు. వేలి కొనలతో ముడి వేస్తాం, నేత సాగిపోతుంది. పెళ్లయి చిత్తూరుకు వచ్చి, మందిరంలో ఎలక్ట్రిక్ గిటారు వాయించడం మొదలుపెట్టాక కూడా నాకు ఆ బుద్ధి పోలేదు. ఒక శనివారం సన్న తీగ, శ్రుతి బిగించే మర దగ్గర తెగింది. కొత్తది వేయకుండా, పాత తీగ ముక్కను నేతముడితో అతికించాను. ఆదివారం ఆరాధన మధ్యలో ఆ ముడి జారింది. తీగ ఎగిరి నా చెంపకు కొట్టింది.

పాటల బృందాన్ని నడిపేది పాస్టరు గారి అల్లుడు. అతను మైకు అందుకున్నాడు.

"దేవుని సన్నిధిలో తీగ ఊరికే తెగదు. అక్క సేతుల్లో ఏందో పాపం ఉండాది. ఒప్పుకోని పాపం."

ముడి సంగతి చెప్పాను.

"సూడండి, తప్పును ముడి మీదికి తోస్తా ఉండాది!"

కొందరు నవ్వారు. ఒప్పుకునేదాకా గిటారు ముట్టవద్దని, బల్లలో చేయి వేయవద్దని పాస్టరు గారు అన్నారు. నెలకొకసారి మా సంఘమంతా రొట్టె, ద్రాక్షారసం తీసుకునే బల్ల అది. బాప్తిస్మం పొందిన నాటి నుంచి నేను ఒక్కసారి కూడా తప్పలేదు. తరువాత నాలుగు నెలలు గిన్నె నా ఒడి మీదుగా పక్కామెకు వెళ్లిపోయింది. ఒప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు. లేని పాపాన్ని ఒప్పుకుంటే అదే అబద్ధమవుతుంది.

పగ తీర్చుకోవడం మనుషుల పని కాదని ఆదివారపు బడిలో పిల్లలకు చెప్పేదాన్ని నేనే. అయినా ప్రతి ప్రార్థనలో దేవుడికి గుర్తు చేసింది ఒక్కటే: ఆ మైకు, ఆ నోరు.

ఎండాకాలంలో బంగారుపాళ్యం దగ్గర మామిడితోటలో మూడు రోజుల సభలు పెట్టారు. ముందురోజు మధ్యాహ్నం పాస్టరు గారి అల్లుడు, నా బదులు ఇప్పుడు తాను వాయిస్తున్న గిటారును భుజాన వేసుకుని మా ఇంటికి వచ్చాడు.

"వందనాలక్కా. తీగలన్నీ తుప్పు పట్టినాయి. నాకు ఎయ్యను రాదు, తిరపతికి పోయొచ్చే టయం లేదు. నీ సెయ్యి మంచిదంటారు అందురూ."

"నా సేతుల్లో పాపం ఉండాది గదప్పా?"

"అబ్బా, అదింకా మనసులో పెట్టుకున్నావా అక్కా?" అని నవ్వాడు.

ఆ నవ్వు వినగానే ఏం చేయాలో నాకు తెలిసిపోయింది.

కొత్త తీగ బిగించగానే పని అయిపోదు. శ్రుతి చేసి, ఒక్కోదాన్ని వేలితో పైకి లాగి సాగదీయాలి. శ్రుతి దిగుతుంది. మళ్లీ బిగించాలి, మళ్లీ లాగాలి. నాలుగైదుసార్లకు గాని నిలవదు. నేను ఆరు తీగలూ ముచ్చటగా చుట్టాను. చివరలు కత్తిరించాను. ఒక్కదాన్నీ సాగదీయలేదు. శ్రుతి చూసే ట్యూనరు పెట్టి చూపిస్తే ఆరింటికీ పచ్చదీపం వెలిగింది.

"దేవుడు నిన్ను దీవించాలక్కా" అన్నాడు.

"ఆమేన్" అన్నాను.

మరునాటి సాయంత్రం, మొదటి పాట రెండో చరణానికే గిటారు శ్రుతి దిగిపోయింది. కీబోర్డు ఒక దారి, గిటారు ఒక దారి. అతను కంగారుతో గట్టిగా మీటేకొద్దీ ఇంకా దిగింది. ముందు వరుసలోని ముసలమ్మలు పాడటం ఆపి మొహాలు చూసుకున్నారు. చాప మీద కూర్చున్న నాకు నోట్లో పండిన మామిడి పెట్టుకున్నట్టుంది. అతను మైకు దగ్గరికి వచ్చాడు.

"ఈ తీగలు ఏసింది అక్క. ఏ మనసుతో ఏసిందో ఆమెకూ దేవునికీ తెలుసు."

నా గురించి అతను చెప్పిన మొదటి నిజం అది. ఎవరూ నమ్మలేదు.

"ఏసుకునేది రాకపోతే ఆమె మీద పడతావేందప్పా? ఇట్ల రామ్మా" అని పాస్టరు గారు నన్ను పిలిచారు.

సభంతా చూస్తుండగా ఒక్కో తీగను లాగాను, బిగించాను, మళ్లీ లాగాను. తొందరపడలేదు. అతను పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"కావాలనే సేసినావు గదా?" అని గొణిగాడు.

"అవును. మైకు ఆడుండాది, పోయి సెప్పు."

చెప్పలేదు. సాగదీయనందుకే తీగ దిగిందని చెబితే, ఆనాడు ముడి జారినందుకే నా తీగ ఊడిందని ఒప్పుకోవాలి.

ఆ తరువాతి బల్ల ఆదివారం గిన్నె నా ముందు ఆగింది. ఒప్పుకోమని ఎవరూ అడగలేదు. కళ్లు మూసుకుని పశ్చాత్తాపం కోసం వెతికాను. చేతులు కట్టుకుని నిలబడిన అతను కనిపించాడు. నోట్లో ఇంకా తియ్యగానే ఉంది.

గిన్నెను పక్కామెకు అందించాను.

"ఏమ్మా, ఇప్పుడు నువ్వు తీసుకోవచ్చంట గదా?" అందామె.

"ఇప్పుడే వద్దక్కా" అన్నాను.