తడమని చొక్కా

టైలరుకు ముక్కు మీదే కోపం. ముప్పయ్యేళ్లుగా పసిపిల్లల బట్టలు కుడుతున్నాడు. వాళ్ల తల్లిదండ్రులంటే మాత్రం ఒళ్లుమంట. ఒకరోజు మిషను సూది విరిగింది, ముక్క దొరకలేదు. అంతే, అనుమానం పెనుభూతమై కూర్చుంది. కుట్టిన ప్రతి గౌనూ అయస్కాంతంతో అంగుళం అంగుళం తడమడం, విప్పడం, మళ్లీ కుట్టడం, మళ్లీ విప్పడం.

అక్కడితో ఆగినా బాగుండేది. వియ్యాలవారంతా చూస్తుండగా మనవరాలి ఒంటి మీదున్న చొక్కాను కత్తెరతో నిలువునా కోసేశాడు మహానుభావుడు! సూది ఉందేమోనట. పాప గుక్కపట్టి ఏడ్చింది. కూతురు పాపను భుజాన వేసుకుని, "నువ్వు బాగయ్యేదాకా దీన్ని నీ కళ్లకు చూపించను నాన్నా" అని వెళ్లిపోయింది.

పాప కోసమే ఆస్పత్రి మెట్లెక్కాడు, డాక్టర్ల మీద గౌరవంతో కాదు. అక్కడ ముందు, మాటలతో వైద్యం చేసే కౌన్సిలరమ్మ ఒక సూది విరిచి, కుట్టిన బట్ట పక్కన పడేసి, "వెతకొద్దు" అంటుంది. గుండె దడదడలాడుతుండగానే, మెదడులో పాతుకున్న ఆ అనుమానం వదలడానికని తలకు హెల్మెట్ లాంటిది తొడుగుతారు. అందులోంచి అయస్కాంతపు దెబ్బలు టకటకమని, వడ్రంగిపిట్ట నెత్తినెక్కినట్టు. ఆ తర్వాత మళ్లీ ఆవిడ మాటలు.

"భయం వస్తుంది, కాసేపుంటుంది, పోతుంది. మీరు వెతక్కుండా కూర్చోండి చాలు."

"మీదేం పోయింది, ఎన్నైనా చెప్తారు! పిల్ల మెడలో గుచ్చుకుంటే మీరొచ్చి తీస్తారా?"

ఇంటి దగ్గర రోజుకో చొక్కా వెతక్కుండా కుట్టి ఇచ్చేయమన్నారు. రోజూ 'చేశాను' అని రాసుకొచ్చాడు. నాలుగు వారాలైనా దడ తగ్గలేదు. "మీ మిషనూ దండగే, మీరూ దండగే!" అని ఒంటికాలి మీద లేచాడు. కౌన్సిలరమ్మ అతని భార్యను పిలిపించి అడిగింది.

"ఆయన వెతకట్లేదమ్మా, ఒట్టు. వంటింట్లో నేనే అయస్కాంతంతో తడిమి, ఏం లేదని తలూపుతాను."

టైలరు తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

"ఆవిడ వెతికినా మీరు వెతికినట్టేనండీ," అంది కౌన్సిలరమ్మ. "తలకు మేమిచ్చే వైద్యమంతా ఇంట్లో మీరిద్దరూ కలిసి చెడగొడుతున్నారు."

అతను భార్య మీద విరుచుకుపడ్డాడు. "నోట్లో నువ్వుగింజ నానదు కదా నీకు!"

ఆవిడ సంచిలోంచి అయస్కాంతం తీసి బల్ల మీద విసిరికొట్టింది. "ముప్పయ్యేళ్లు మీ కోపం మోశాను. ఇప్పుడు మీ భయం కూడా నేనే మొయ్యాలా?"

ఆ అయస్కాంతం మళ్లీ ఇంటికి రాలేదు. టైలరు ఇంకో ఆరు వారాలు తిట్టుకుంటూనే తిరిగాడు, వెతక్కుండానే కుట్టాడు. అప్పుడు కూతురికి కబురెళ్లింది.

కూతురు పాపతో వచ్చి గుమ్మంలోనే ఆగింది. అతను కొత్త చొక్కా అందించాడు. కుడుతున్నప్పుడు సూది విరగలేదు, అతనికీ తెలుసు. తెలిసినా చొక్కా అంచును వెంటనే వదల్లేదు.

"సూది చూశావా నాన్నా?"

"చూడలేదు. మీ అమ్మా చూడలేదు."

కూతురి బొటనవేలు కుట్టు వెంబడి మెల్లగా జరిగింది.

"తడమకు!" అని కసిరాడు. "నీకూ అంటుకుంటుంది ఈ దరిద్రం."

కూతురు వేలు తీసేసింది. తండ్రి మొహంలోకి కాసేపు చూసి, లోపలికొచ్చి పాపకు చొక్కా తొడిగింది. పాప మెడ దగ్గరి కుట్టును నోట్లో పెట్టుకుని చప్పరించడం మొదలెట్టింది. టైలరు రెండు చేతులూ మోకాళ్ల మధ్య బిగించుకుని, కుర్చీలోంచి లేవకుండా చూస్తూ కూర్చున్నాడు.