మోరికి అడ్డం పడ్డది

పెళ్లైన కొత్తలో, పందొమ్మిది వందల నలభైల్లో, సిద్దిపేటలో కిరాయికున్నాం. బావి చేంతాడు ఇల్లుగలామె దగ్గరే ఉండేది; నేనొక బిందె తోడుకుంటే ఆమెకొకటి తోడిపెట్టాలి. పైగా మోరి నిండి మురుగు నా వాకిట్లోకి ఎక్కేది. ఆమె గిన్నెలు తోమే బూడిద వల్లేనని నెలంతా ఉడికిపోయి, ఒకనాడు అడిగేశాను.

"మీ బూడిదనే అడ్డం పడ్డది పెద్దమ్మా. నేనెంతని ఎత్తిపొయ్యాలె?"

"నా బూడిదనే బయటికి ఎల్లితే నా బిందె నేనే తోడుకుంట. ఎల్లకుంటే చేంతాడు ముట్టకు" అని ఆమె మోరిలో కట్టె పెట్టి లాగింది.

బయటికొచ్చింది నా పూజపూల ముద్ద. తులసికోట మొదట్లో పెట్టిన పూలను రోజూ నేను పోసే నీళ్లే మోరిలోకి తోసేశాయి.

ఆమె చేంతాడు నా చేతికే ఇచ్చి, "తులసమ్మకు నీళ్లాపకు బిడ్డా. నా బిందె మాత్రం ముందుగాల తోడు" అన్నది.

దేవుని దయ, ఆ బిందె మళ్లీ బరువనిపించలేదు.