తొట్టి కింద కాడి

మా ఇంట్లో చెయ్యి ముందు లేస్తుంది, మాట తర్వాత వస్తుంది. నాయన అంతే, అన్న అంతే, నేను మరీనూ. అమ్మ ముగ్గురినీ తిట్టి, ముగ్గురికీ సంగటి పెట్టేది.

అరవైలలో అన్నా నేనూ ఎద్దులమ్మేసి, మిలిటరీవాళ్ల వేలంలో ఒక పాత టిప్పర్ లారీ కొన్నాం. చింతామణి, కైవారం మధ్య రోడ్డు పనికి కంకర తోలేవాళ్లం. ఎద్దులు పోయిన కోపం నాయనకు తగ్గలేదు. లారీని "మీ దున్నపోతు" అనేవాడు, ఎద్దుల్ని తోలే ములుగర్ర మాత్రం చేతిలోంచి వదిలేవాడు కాదు. అయినా మేం కంకర దించుతుంటే పని మానుకుని వచ్చి చూసేవాడు. వెనక తొట్టి దానంతటదే లేచి గాల్లో నిలబడడం ఆయనకు పెద్ద వింత.

తొట్టిని లేపేది కిందుండే నూనె సిలిండర్. ఒక ఎండాకాలం అది చీలి, నూనె కారిపోయి, తొట్టి లేవడం మానేసింది. బెంగళూరు నుంచి ఇంకొకటి బస్సు టాపు మీద వేసుకొచ్చాం. క్వారీవాళ్లను అడిగి చైన్ పుల్లీ తెచ్చి, ఇంటి ముందు చింతచెట్టుకు కట్టి, తొట్టిని పైకి లాగాం. పుల్లీ వాళ్లకు వెంటనే కావాలన్నారు. తొట్టికి ఊతంగా పెట్టడానికి ఇంట్లో బండి కాడి కన్నా గట్టి కొయ్య లేదు, చేవ తేలిన తుమ్మ. ఎద్దులే లేని కొంపలో కాడి ఎందుకని దాన్నే తెచ్చి తొట్టి కింద నిలబెట్టి, పుల్లీ విప్పి పంపేశాం.

పాత సిలిండర్‌ను పట్టి ఉంచే పిన్ను తుప్పు పట్టి బిగుసుకుపోయింది. సమ్మెటతో బాది బాది నా అరచేతులు చిట్లాయి. ప్రతి దెబ్బకూ ఆ సిలిండర్ చేసినవాడి ఏడుతరాలను తిట్టాను. చివరికి పిన్ను ఊడి, సిలిండర్ మిగిలిన నల్లనూనె కక్కుకుంటూ కింద పడింది. అన్న లారీ కిందికి వెల్లకిలా దూరి కొత్తదాన్ని రొమ్ము మీద పెట్టుకున్నాడు. బయటికి అతని కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి.

సరిగ్గా అప్పుడే నాయన వచ్చాడు.

మా ఇళ్లలో కాడికి కాలు తగిలితే కళ్లకద్దుకుంటాం. ఏరువాక పున్నమికి పసుపు పూసి మొక్కుతాం. ఆ పసుపు మీద ఇప్పుడు నల్లనూనె కారుతోంది.

"కాడిని తెచ్చి యాడ పెట్టినార్రా, దొంగనాకొడకల్లారా!"

మొదటి దెబ్బ నా వీపు మీద పడింది. రెండోది అన్న మోకాళ్ల మీద. "బయటికి రారా!" అని మళ్లీ బాదాడు. రొమ్ము మీద అంత ఇనుము పెట్టుకుని అన్న ఎలా వస్తాడు? "నాయనా, కాడి జోలికి పోవద్దు!" అని అరిచాను. అది ఆయనకు ఎదురుమాటగా వినిపించింది. ములుగర్ర నా చెవి పక్కన చీల్చింది. తొట్టి ఎప్పటిలాగే దానంతటదే నిలబడిందనే ఆయన అనుకున్నాడు. సిలిండర్ ఊడదీశామని తెలీదు. కర్ర పారేసి, రెండు చేతులతో కాడిని పట్టుకుని గుంజాడు.

కాడి కిర్రుమంది. తొట్టి జానెడు కిందికి దిగింది. లోపల అన్న కేక పెట్టాడు.

నేను పిడికిలి బిగించి నాయన మొహం మీద గుద్దాను. ముక్కు విరిగిన చప్పుడు వినిపించింది. నాయన వెల్లకిలా పడ్డాడు. దాన్ని నేను ఈరోజుకీ తప్పనుకోను.

నిలబడి ఉన్నంతసేపు ఆయనకు కనిపించనిది నేల మీద పడ్డాక కనిపించింది. సిలిండర్ ఉండాల్సిన చోట ఏమీ లేదు, దాని కింద పెద్దకొడుకు ఉన్నాడు. కాడి ఒక పక్కకు ఒరిగి, కొస మీద మాత్రం ఆగి ఉంది. నాయన పాక్కుంటూ పోయి దాని మొదలును రెండు చేతులా వాటేసుకున్నాడు. కాళ్లు చక్రానికి తన్నిపెట్టాడు. నేను ఒక బండరాయి తెచ్చి, ఆయన వేళ్ల పక్కనే ఆనించి, సమ్మెటతో బిగగొట్టాను. ఒక దెబ్బ తప్పి ఆయన బొటనవేలి మీద పడింది. అయినా పట్టు వదల్లేదు.

అన్న సిలిండర్‌ను పక్కకు దొర్లించి బయటికి జారాడు. భుజం మీద తోలు లేచిపోయింది. నాయన ముక్కు నుంచి రక్తం కారడం అన్న చూశాడు.

"ఎవురు కొట్టింది?"

"నేనే."

లాగి చెంప మీద ఒకటిచ్చాడు, నా పళ్లు కదిలాయి. "నాయన్ని కొడ్తావంట్రా!" అని గొంతు పట్టుకున్నాడు. నేనూ అతని తోలు లేచిన భుజాన్నే పట్టుకుని మెలిపెట్టాను.

"వాణ్ని ఇడ్సురా!" కాడిని వాటేసుకునే నాయన అరిచాడు. "వాడు కొట్టబట్టే నువ్వుండావు. లేకుంటే నా చేతులతో నేనే నిన్ను సంపింటాను." ఇంకేదో అనబోయి, రక్తం ఉమ్మేశాడు. "పో, ఆ పిన్ను ఏసేదాకా నేను దీన్ని ఇడ్సను."

అన్న ఏడుస్తూ మళ్లీ లారీ కిందికి దూరాడు.