వెన్నుపూస చప్పుడు

మా అక్క భర్త పోర్టులో క్రేన్ ఆపరేటర్. మల్కాపురంలో కాపురం. ఏళ్ల తరబడి ఎత్తున కూర్చుని కిందికి వంగి చూస్తే నడుం ఏమవుతుందో అదే అయింది. నొప్పి ఎడమ కాల్లోకి దిగింది. నిచ్చెన ఎక్కలేకపోతే క్రేన్ పోతుంది. బావకున్న భయమంతా అదే.

విదేశంలో కైరోప్రాక్టిక్ చదివి వచ్చిన ఒకావిడ దువ్వాడలో ఉండేది. వెన్నుపూసల్ని చేతులతో సరిచేయడం ఆ విద్య. బావ వెంట నేనూ వెళ్లాను, మనసులో వెక్కిరిస్తూనే. ఆవిడ బావని మడమల మీద నడిపించింది, కాలివేళ్లు సూదితో తాకి చూసింది.

"దీన్ని నేను ముట్టుకోనండీ. పాదంలో బలం తగ్గుతోంది. ఈ వారంలోనే స్కాన్ తీయించి న్యూరోసర్జన్‌కి చూపించండి."

మెట్లు దిగుతూ బావ గొణిగాడు. "సప్పుడే రాలేదు బావా! ఏటి వైద్యం ఇది? పట్టుకుంటే టక్కుమనాల."

"అది కీలులో వాయువు చప్పుడు. వేళ్లు విరుచుకుంటే రాదా?"

"నీ సైన్సు నీ దగ్గరెట్టుకో."

నాకు చెప్పకుండా తగరపువలసలో ఒకడి దగ్గరికి వెళ్లాడు. ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చినవాడు. మెలితిప్పాడు, టక్కుమంది. "వచ్చిందహే సప్పుడు! నాలుగు సార్లు!" అని బావ ఫోన్‌లో కేక. ఇక స్కాన్ మాటే ఎత్తలేదు. నాలుగో వారం పాదం పైకి లేవడం మానేసింది.

ఆపరేషన్ అయ్యాక గట్టిగానే అడిగాను, ఆవిడ మాట కాదని వాడి దగ్గరికెందుకు వెళ్లావని.

"నువ్వే రాసినావు కదేటి బావా పత్రికలో, ఆవిడలాటోళ్లూ ఆడిలాటోళ్లూ ఒకటే, దొంగ డాక్టర్లేనని. ఇద్దరూ ఒకటైతే సప్పుడొచ్చినోడి దగ్గరికే ఎల్తాను గదా నాను."

రాశాను, ఆవిడ దగ్గరికి వెళ్లకముందే. వేదికలెక్కి చదివి చప్పట్లు కూడా కొట్టించుకున్నాను. ఆవిడ పట్టాని పరీక్షించి నమోదు చేసే మండలి ఈ దేశంలో లేదు. ఆ లోటుని ఆవిడలాంటివాళ్ల నేరంగా చూపించాను. తన హద్దు తెలిసి చేతులు వెనక్కి తీసుకునే మనిషినీ, హద్దంటే తెలియనివాడినీ ఒకే గాటన కట్టాను. ఆ విద్య చెప్పుకునేదంతా నిజమని ఇప్పటికీ నమ్మను. ఆ మెలికే కాలు పడగొట్టిందని రుజువు చేయలేను. చేజారిన ఆ వారాల్లో మాత్రం నా పాపం ఉంది.

బావకిప్పుడు పోర్టు గేటు దగ్గర పని. పాదానికి ప్లాస్టిక్ పట్టీ కట్టుకుని వెళ్తాడు. మొన్న నేను వంగి ఆ పట్టీ బిగించబోతే నా చేయి తోసేశాడు.

"నీకెందుకు బావా ఇది? నువ్వెల్లి రాసుకో."