బత్తాయి పాఠం

ఎనిమిదో తరగతిలో నేను బడి మానేశాను. బడి కూడా పెద్దగా బాధపడలేదు. ఇప్పుడు సీతమ్మధారలో ఒక ఆసుపత్రిలో కొత్త డాక్టర్లకు పాఠం చెబుతున్నాను. రోగి మంచం పక్కనే వేలు పొడిచి, చుక్క రక్తంతో అక్కడికక్కడే షుగరు చూసే చిన్న మిషను ఉంటుంది కదా, దాని వాడకం నేర్పడం నా పని. ల్యాబులో ఏళ్ల తరబడి సీసాలు కడుగుతూ నేర్చుకున్న చదువు అది. వాళ్లు నన్ను మాస్టారూ అంటారు. సగం గౌరవం, సగం వెటకారం. రెండూ పుచ్చుకుంటాను.

డాక్టర్లకు రోగి చీటీ మీద రక్తపరీక్ష రాయడం బాగా వచ్చు. తామే చేయాల్సి వస్తే మాత్రం వేలిని స్పిరిట్ దూదితో ఓసారి రుద్ది పొడిచేస్తారు. ముందు సబ్బుతో కడిగించండి అంటే తలూపుతారు, కడిగించరు. అందుకని ఓ నాటకం కనిపెట్టాను. క్లాసుకు ముందు వరండాలో బత్తాయి ఒలుచుకు తిని, ఆ జిగురు వేలే చాపుతాను. మిషను నాలుగు వందలు దాటేస్తుంది. నేను కళ్లు తేలేస్తాను. వాళ్లు కంగారుపడి పరిగెడతారు. అప్పుడు లేచి, శుభ్రంగా చేతులు కడుక్కుని మళ్లీ పొడిపించుకుంటాను. నూట పది. షుగరు ఒంట్లో లేదు, వేలి మీద ఉంది. గదంతా నవ్వు.

నిజం చెప్పాలంటే, ఆ నవ్వులే నాకు వారానికి సరిపడా మనుషులు. భార్య పోయి మూడేళ్లు. పోర్టు వైపు ఒంటి గది. ఓడ కూత పెడితే "ఆ, వస్తన్నా" అని బదులిస్తుంటాను.

మొన్న వేసవిలో నాటకం మామూలుగానే నడిచింది. చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాను. ఓ పొడుగాటి డాక్టరు పొడిచాడు. రెండు వందల తొంభై.

"ఏటి మాస్టారూ, సబ్బుక్కూడా పంచదార రాసీసేరేటి?" అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "కనిపెట్టీసినారు డాక్టరు బాబూ!"

కొన్నాళ్లుగా దాహం ఎక్కువైతే ఎండల వల్లేనని సరిపెట్టుకున్నాను. నోరు విప్పకపోతే ఆ అంకె జోకుగానే మిగిలిపోతుంది. విప్పినా, నా మాట నమ్మేదెవరు?

అందరూ వెళ్లాక, మిషను అప్పగించడానికి ఒక డాక్టరమ్మ ఆగింది. జాలరిపేట పిల్ల. వాళ్లమ్మ ఇప్పటికీ చేపలు అమ్ముతుంది.

"అమ్మా, అది నాటకం కాదు," అన్నాను. "కడిగిన సెయ్యే. ఇంకోపాలి సూడు."

జోకు ఎక్కడుందో అని కాసేపు నా మొహంలో వెతికింది. దొరకలేదు. కుళాయి దగ్గరికి తీసుకెళ్లి, ఒక్కో వేలికీ తనే సబ్బు పెట్టి కడిగింది. పూర్తిగా ఆరేదాకా ఆగింది. మొదటి చుక్క తుడిచేసి, రెండోది తీసింది. నేను చెప్పినవి ఒక్కటీ వదల్లేదు. రెండు వందల ఎనభై ఆరు.

"ఇంట్లో ఎవులున్నారు బాబాయ్?"

"ఫేనుంది. తిరగతాది గానీ మాటాడదు."

ఆమె నవ్వలేదు. "ఇప్పుడే నరంలోంచి రక్తం తీసి ల్యాబుకి పంపిద్దాం. సాయంత్రం నానే ఫోన్ సేస్తాను, ఎత్తండి. నంబరు సెప్పండి."

చెప్పబోతే చివరి రెండంకెలు గుర్తురాలేదు. ఎవరికైనా చెప్పి చాలా కాలమైంది. ఫోను తీసి ఆమె చేతిలో పెట్టాను.