పక్కింటి అక్క ముఖం చెరిపిందెవరు

ఒక ఆడమనిషి మీద నింద వేసి, ఇదిగో రుజువు అంటూ ఒక కాగితాన్ని మీ చేతిలో పెడితే, ఆ రుజువును తయారుచేసిన వస్తువు సరిగ్గా ఉందా అని మీరు ఏనాడైనా అడిగారా? అడిగానని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలరా? నేను చెప్పలేను. నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ళ వయసులో, నేను అరిచిన ఒక్క మాటకు మా పక్కింటి అక్క పళ్ళు ఊడబీకడానికి ఊరు సిద్ధమైంది.

మాది ఉద్దానంలో, సముద్రం హోరు ఇంట్లోకి వినిపించే ఊరు. అప్పట్లో గంజాం జిల్లా కింద ఉండేవాళ్ళం. మా పెద్దనాన్న టెక్కలిలో బడిపంతులు. వారానికోసారి ఇంటికి వచ్చి, దయ్యాలూ శకునాలూ అన్నీ బూటకమని అరుగు మీద కూర్చుని వాదించేవారు. ఒప్పుకునేవాళ్ళు ఒక్కరూ లేరు. కానీ ఉత్తరం వస్తే చదివించుకోవడానికి అందరూ ఆ అరుగు మీదికే వచ్చేవారు.

ఒక వేసవిలో ఆయన, బరంపురంలో దుకాణం ఎత్తేస్తున్న ఒక ఫోటోగ్రాఫరు దగ్గర పాత కెమేరా కొన్నారు. రైల్లో పలాస దాకా ఒళ్ళో పెట్టుకుని, అక్కడి నుంచి ఎడ్లబండి మీద ఇంటికి తెచ్చారు. మూడు కాళ్ళ మీద నిలబడే చెక్కపెట్టె అది. ముందు చదరపు చెక్కపలకకు బిగించిన ఇత్తడి గొట్టం, ఆ గొట్టంలో లెన్సు. వెనక గరుకు గాజుపలక. నల్లగుడ్డ కప్పుకుని ఆ గాజు మీద చూస్తే ఎదురుగా ఉన్నదంతా తలకిందులుగా కనిపిస్తుంది. మా వీధికి అంతకు మించిన వింత అప్పటికి లేదు.

మొదటి ఫోటో పక్కింటివాళ్ళదే. ఆ ఇంటి పెద్దాయనను నేను మావయ్య అనేదాన్ని. వాళ్ళ పద్ధతి ప్రకారం వరసలో మొదట మావయ్య, తర్వాత అత్త, కొడుకులు, ఆ తర్వాత కోడళ్ళు, వచ్చిన క్రమంలో నిలబడ్డారు. ఆ ఏడే సంతబొమ్మాళి వైపు నుంచి కాపురానికి వచ్చిన మూడో కోడలు వరసలో ఆఖరున నిలబడింది. ఆవిడే మా పక్కింటి అక్క. మొలక కొబ్బరికాయ కొట్టినప్పుడల్లా లోపలి పువ్వును అత్తకు తెలియకుండా నాకు దాచిపెట్టేది. పెద్దనాన్న ఇంటిపెద్ద ముఖం చూసుకుని గాజు మీద బొమ్మ సరిచేసి రెండు ఫోటోలు తీశారు. ధాన్యం గదిలో చీకటి చేసుకుని కాగితాల మీదికి ఎక్కించి, దండెం మీద ఆరవేసి టెక్కలి వెళ్ళిపోయారు.

ఆరిన ఫోటోలు మొదట చూసింది నేను. మావయ్య మీసంలో వెంట్రుకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. చివరికి వచ్చేసరికి అక్క చీర ఉంది, చేతులు ఉన్నాయి, ముఖం లేదు. కళ్ళూ ముక్కూ నోరూ ఏమీ లేని తెల్లటి మచ్చ ఉంది. రెండో ఫోటోలోనూ అంతే. వీధిలోకి పరుగెత్తి, "అక్కకి మొగం నేదర్రా! అక్కకి మొగం నేదు!" అని అరిచాను.

ఆ మాట ఊరు చుట్టి రావడానికి ఒక పూట పట్టింది. నాలుగో రోజున మావయ్య పెద్దకొడుకు బిడ్డకు జ్వరం వచ్చింది. చేతబడిని మా వైపు చిల్లంగి అంటారు. చిల్లంగి పెట్టేవాళ్ళ పళ్ళు ఊడబీకితే నోట మంత్రం పలకదని నమ్మకం. అత్త మా ఇంటికి వచ్చి మా అమ్మతో అంది, "ఒకపాలైతే పొరపాటనుకుందునే. రెండుపాల్లూ దాని మొగమే నేదు. మడిసైతే ఫోటోలో పడదేటి?" మా అమ్మ ఏదో చెప్పబోయింది. "నీ బిడ్డకి జొరమొత్తే అప్పుడు సెప్పు" అని అత్త లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు సాయంత్రం అక్క పళ్ళు పీకాలని నిర్ణయించారు. కమ్మరి దగ్గర నుంచి పటకారు తెప్పించి, పసుపునీళ్ళతో కడిగి, చేటలో పెట్టి పెరటి గోడ మీద ఎండబెట్టారు. పూజసామాను ఎండబెట్టినట్టే. నేను ఆ గోడ మీదుగా చూశాను. అక్క ఇంటి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆమె భర్త కొబ్బరితోట వైపు ముఖం పెట్టుకుని నిలబడ్డాడు. నన్ను చూసి అక్క లేచి గోడ దగ్గరకు వచ్చింది. ఏడవలేదు, తిట్టలేదు. "ఒకపాలి నన్ను సరీగ్గా సూసి సెప్పు గుంటా. నాకు మొగం ఉందా, నేదా?" అని అడిగింది.

ఉందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ముఖం నా ఎదురుగా జానెడు దూరంలో ఉంది. అయినా నా కళ్ళలో ఆ ఫోటోయే ఉంది. మనిషి కంటే కాగితాన్ని నమ్మే రోగం ఎంత తొందరగా అంటుకుంటుందో నాకు ఆ రోజు నుంచీ తెలుసు.

మా నాన్న బండివాణ్ణి టెక్కలి పంపించారు. మర్నాడు పొద్దెక్కేసరికి పెద్దనాన్న దిగారు. నేరుగా పక్కింటికి వెళ్ళి, "బావా, సాయంత్రం దాకా ఎవడూ ఆ పిల్ల మీద సెయ్యి ఎయ్యకండి. నాకో పూట కావాల" అన్నారు. చదువుకున్నవాడి మాట కాబట్టి మావయ్య సరేనన్నాడు. అత్త మాత్రం, "పూట కాపోతే రెండు పూటలు. పోయిన మొగం తిరిగొత్తదేటి?" అంది.

ఇంటికి వచ్చి పెద్దనాన్న ఆ రెండు ఫోటోలనూ భూతద్దంతో చాలాసేపు చూశారు. నన్ను పిలిచి రెండో కోడలి ముక్కు చూపించారు. సగం కరిగిపోయి ఉంది. అక్క పక్కనున్న స్తంభం చూపించారు. దాని మీది చెక్కడం ఏమీ లేదు, నున్నగా ఉంది. "స్తంభం కూడా చిల్లంగేనా?" అని అడిగారు. వరసలో ముందు నుంచి చివరికి పోతున్నకొద్దీ ముఖాలు మెత్తబడుతూ వచ్చాయి. అందరం ఆఖరి ముఖం ఒక్కటే చూశాం.

తర్వాత ఆయన చేసిన పని ఇప్పటికీ నా కళ్ళకు కట్టినట్టుంది. పాత వార్తాపత్రిక కాగితాలను గంజితో వసారా గోడ మీద ఒక్క ముడత లేకుండా వరసగా అంటించారు. కెమేరాను గోడకు ఎదురుగా నిలబెట్టి, గోడ రెండు చివరల నుంచి పెట్టె దాకా తాడు పట్టి కొలిచి, రెండు దూరాలూ సమానమయ్యేదాకా జరిపారు. అప్పుడు నల్లగుడ్డ కప్పుకుని, ఒక చివరి కాగితం మీది అక్షరాలు స్పష్టంగా వచ్చేలా సరిచేసి, నన్ను లోపలికి పిలిచి భూతద్దం ఇచ్చి చదవమన్నారు. తలకిందులుగా ఉన్నా ఒక పక్క అక్షరాలు సూదితో గీసినట్టున్నాయి. నడుమ కాస్త మసక. రెండో చివర అక్షరాలు వానలో తడిసిన సిరాలా పాకిపోయాయి. గోడ మీద చూస్తే అన్నీ ఒకే అచ్చు, ఒకే నలుపు.

"తప్పు గోడదా, పెట్టెదా, లెన్సుదా?" అని తనలో తానే అనుకుని, ఇత్తడి గొట్టం బిగించిన చదరపు పలకను ఊడదీసి, కిందిది పైకి తిప్పి మళ్ళీ పెట్టారు. ముందు సరిచేసినదేదీ కదపకుండా నల్లగుడ్డలోంచి మళ్ళీ చూశారు. మసక ఇటు వచ్చింది, స్పష్టం అటు పోయింది. గోడ కదలలేదు, పెట్టె కదలలేదు. పలకతో పాటే మసక తిరిగింది.

పలకను ఒళ్ళో పెట్టుకుని గొట్టం చుట్టూ గోరు పెట్టి చూశారు. ఒక పక్క, ఇత్తడి కట్టుకూ చెక్కకూ నడుమ, చిన్న కొబ్బరిపీచు ఉండ ఉంది. మా ఉద్దానంలో ఏది వదులైనా పీచు కూరడమే వైద్యం. తలుపు ఊగితే పీచు, బండి ఇరుసు కొట్టుకుంటే పీచు, పడవ అతుకులోనూ పీచే. పలాస నుంచి బండిలో వస్తుంటే గొట్టం గడగడలాడుతోందని ఆయనే కూరారు. ఆ తర్వాత మరిచిపోయారు. ఆ పీచు ఒక పక్కన లెన్సును ఎత్తిపెట్టింది, అది వంకరగా చూసింది. అంతే. పెద్దనాన్న ముఖం నల్లబడటం నేను అదే మొదటిసారి చూడటం.

పీచు తీయకుండానే పలక బిగించి కెమేరాను పక్కింటి వాకిట్లోకి మోసుకెళ్ళారు. అప్పటికే జనం చేరారు. ఈసారి అక్కను వరసలో మొదట, మావయ్యను ఆఖరున నిలబెట్టి, అక్క ముఖం చూసుకుని గాజు మీద బొమ్మ సరిచేసి, అత్తను నల్లగుడ్డలోకి రమ్మన్నారు.

"ఓలమ్మో! ముసిలోడు గబ్బిలంలాగ తలకిందులుగా ఏలాడతన్నాడర్రా!" అని గుడ్డలోంచి అత్త కేక పెట్టింది. అందరూ నవ్వారు. పెద్దనాన్న నవ్వలేదు. "తలకిందుల సంగతి ఒగ్గీ అప్పా. బావ మొగం సూడు" అన్నారు.

అత్త గుడ్డను ఇంకా దగ్గరికి లాక్కుని చూసింది. తర్వాత సన్నగా, "నేదురా తమ్ముడా" అంది. "కోడలికో?" అని అడిగారు. "ఉంది. ముక్కుపుడక కూడా మెరుత్తంది." గుడ్డ తీసి బయటికి వచ్చిన అత్త, భర్త ముఖం చేత్తో తడిమి చూసుకుంది. నా జన్మలో అంత బెదిరిన మనిషిని నేను చూడలేదు.

అప్పుడు పెద్దనాన్న పీచు బయటికి లాగి, అరచేతిలో పెట్టి అందరికీ చూపించారు. "ఇది కూరింది నాను. ఈ పిల్ల మొగం సెరిపింది నాను" అని, చేటలోని పటకారు తీసి మావయ్య చేతిలో పెట్టి, నోరు తెరిచి ఆయన ముందు కూర్చున్నారు. "పీకండి బావా. తప్పు నాది గదా. పళ్ళు కూడా నాయే అవ్వాల."

అరవై ఏళ్ళ పంతులు మట్టిలో నోరు తెరుచుకుని కూర్చుని ఉన్నారు. మావయ్య పటకారు కింద పడేశాడు. "మరి పిల్లడి జొరం?" అని వెనక నుంచి ఎవరో గొణిగారు. "జొరానికి టెక్కలిలో డాక్టరున్నాడు. బండి కట్టండి" అని పెద్దనాన్న లేచి దులుపుకున్నారు.

బండి కట్టారు. పది రోజులకు జ్వరం తగ్గింది. మెడలో కట్టిన తాయెత్తు వల్లే తగ్గిందని అత్త బతికున్నంత కాలం చెప్పింది. అక్క మళ్ళీ ఎన్నడూ కెమేరా ముందు నిలబడలేదు. ఆ తర్వాత నాతో పలకడం మానేసింది. గోడ దగ్గర ఆమె అడిగినదానికి నేను జవాబివ్వలేదు. అది నిజం. ఆమె కోపం న్యాయం.

తర్వాత నేను చాలా సభల్లో మాట్లాడాను, చాలామందితో తలపడ్డాను. మూఢనమ్మకం చదువురానివాళ్ళ జబ్బని ఎవరైనా తేలిగ్గా అంటే ఒప్పుకోను. ఆ రోజు రుజువు పుట్టింది చదువుకున్న ఇంట్లో, చదువుకున్న చేతుల్లో. మా పెద్దనాన్న గొప్పతనం దయ్యాలు లేవని వాదించడంలో ఉందని నేను అనుకోను. అరుగు మీద ఎవరైనా వాదిస్తారు. తన వస్తువును తానే అనుమానించి గోడకు కాగితాలు అంటించడంలో ఉంది, తేలిన తప్పును పదిమందిలో తన పేరు మీద చెప్పుకోవడంలో ఉంది. నా చేతికి ఏ రుజువు వచ్చినా, దాన్ని తెచ్చిన మనిషి నావాడైనా సరే, ముందు దాన్ని పరీక్షకు పెట్టందే నోరు తెరవను. ఆ సాయంత్రం నుంచి నాకు మిగిలింది ఆ అలవాటు.

ఇది చదివి బాగుందని పక్కన పెట్టేయకండి. మీ వీధిలో ఈ రోజు ఎవరో ఒక ఆడమనిషి మీద ఇలాంటి మాట తిరుగుతూనే ఉంటుంది. లేవండి. ఆమె గుమ్మానికి వెళ్ళి నిలబడండి. ఆమె కళ్ళలోకి చూసి మాట్లాడండి. వచ్చినవాళ్ళను రుజువు చూపమనండి. చూపిన రుజువును అందరి ముందూ విప్పి చూడండి. అందులో మీ చెయ్యే ఉందని తేలితే, ఆ మాట మీ నోటితోనే, అక్కడే, గట్టిగా చెప్పండి.